సిక్ మెమోలో రాయని నొప్పి

(ఝపటాపూర్‌లో జరిగిన రైల్వే, తపాలా సభ్యుల ఉమ్మడి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వానపత్రంలో నా ప్రసంగాంశం "ఉద్యోగుల ఆరోగ్య సమస్యలు" అని అచ్చయినది. ఆ శీర్షిక ఇచ్చినది నేనే. అసలు సంగతి అచ్చులో రాయడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇప్పుడు చెబుతున్నాను. బొడ్డు కింది భాగం మొదలు తొడల సందు వరకు, నడుము ఎముకల మధ్యనున్న ఆ గిన్నెవంటి ప్రదేశంలో నెలల తరబడి, సంవత్సరాల తరబడి వదలకుండా ఉండే నొప్పిని గురించి నేను మాట్లాడబోతున్నాను. వైద్యులు దీనిని దీర్ఘకాలిక కటి నొప్పి అంటారు. సాధారణంగా ఆరు నెలలు దాటి నిలిచిన నొప్పికి ఈ పేరు పెడతారు. స్త్రీలకు వస్తుంది, పురుషులకూ వస్తుంది. నాకు వచ్చినది. పదకొండేళ్లుగా ఉన్నది.

వెనుక వరుసలలో కొందరు తలలు దించుకోవడం నాకు కనిపిస్తున్నది. నేనూ ఇన్నాళ్లు అట్లాగే దించుకొన్నాను. 1974 మే సమ్మెలో మా నాన్నగారు ఉద్యోగం పోగొట్టుకొని, తిరిగి చేరేవరకు ఇంట్లో ఎట్లా గడిచినదో మా అమ్మ చెబుతూ ఉండేది. అటువంటి ఇంటిలో పెరిగి, అధికారుల ముందు బల్లగుద్ది ఇతరుల కష్టాలు చెప్పిన నేను, నా కూర్చునే చోట నొప్పిగా ఉన్నదని నా శాఖ కార్యదర్శికి చెప్పలేకపోయాను. సమావేశాలలో నేను నిలబడే మాట్లాడతానని మీరందరూ అనుకొనేవారు. కూర్చోలేక నిలబడేవాడిని.

నేను గూడ్సు గార్డుగా పనిచేశాను. 2022లో ఆ హోదాకు ట్రైన్ మేనేజరు అని పేరు మార్చారు. పేరు మారినా నాలుగు చక్రాల బ్రేక్‌వ్యాను కుదుపు మారలేదు. నింపురా యార్డులో బండి ఎక్కిన తరువాత ఏ లూప్ లైనులోనో మూడు గంటలు నిలిచిపోవడం, మరుగుదొడ్డి లేని ఆ ఇనుప గదిలో చెక్క బల్లపై కూర్చొని ఉండడం మనకు కొత్త కాదు. అది ఎరిగినవాడిని గనుక డ్యూటీకి బయలుదేరే ముందు నీళ్లు తాగడం మానుకొన్నాను. మూత్రం బిగబట్టుకోవడం నేర్చుకొన్నాను. నా నొప్పికి ఇదొక్కటే కారణమని నేను చెప్పను. శాస్త్రం కూడా అంత సులువుగా చెప్పదు. కాని కింది కండరాలను గంటల తరబడి బిగబట్టుకొని ఉండడం ఈ నొప్పికి తోడ్పడుతుందన్నది నేను తరువాత తెలుసుకొన్నాను.

మొదట వచ్చినది మూత్రంలో మంట. తరువాత వృషణాల వెనుక ఎవరో వేలితో నొక్కినట్లు ఒక బరువు. డాక్టరు గారు ప్రొస్టేటు గ్రంథికి ఇన్‌ఫెక్షను అన్నారు, యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. తగ్గలేదు. ఇంకొక డాక్టరు ఇంకొక మాత్ర. రెండున్నరేళ్లలో ఆరు కోర్సులు వాడాను. ప్రతిసారీ మూత్రం కల్చరు పరీక్షలో క్రిములేమీ పెరగలేదనే వచ్చినది, ప్రతిసారీ క్రిములను చంపే మందే ఇచ్చారు. ఆ ఆసుపత్రుల పేర్లు మీకు అనవసరం. ఒకరి తప్పు ఎత్తిచూపడానికి నేను ఇక్కడికి రాలేదు, అదే మందు అదే విధంగా దేశమంతటా ఇస్తున్నారు.

నిజమేమిటంటే, ఈ సంగతి కొత్తది కూడా కాదు. ప్రొస్టేటైటిస్ అని పిలిచే జబ్బును 1995లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణులు నాలుగు తరగతులుగా విభజించారు. అందులో మూడవ తరగతి, క్రిములు దొరకని నొప్పి. రోగులలో పదింట తొమ్మిదిమంది, అంతకుమించి, ఈ తరగతివారే. 2004లో 196 మంది పురుషులపై ఒక పరీక్ష జరిపారు. దీర్ఘకాలంగా బాధపడుతున్న వారిలో కొందరికి సిప్రోఫ్లాక్సాసిన్, కొందరికి టామ్సులోసిన్, కొందరికి రెండూ, కొందరికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. ఆరు వారాల తరువాత మందు వాడినవారికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారికి చెప్పుకోదగిన తేడా లేదు. నేను ఆరవ కోర్సు మింగేనాటికి ఆ ఫలితం అచ్చయి ఏళ్లు గడిచినది. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులు కాలి మడమ వెనుక స్నాయువును దెబ్బతీసే ప్రమాదం కూడా ఉన్నది. ఇన్‌ఫెక్షను నిజంగా ఉన్నచోట అవి ప్రాణం నిలిపే మందులే, అక్కడ మానరాదు. పరీక్షలో లేనప్పుడు మళ్లీ మళ్లీ ఎందుకని అడగడం మాత్రం మన హక్కు.

ఇక స్త్రీల సంగతికి వస్తాను. ఇది నేను పురుషుడిగా మాట్లాడుతున్న భాగం, పొరపాటు ఉంటే సోదరీమణులు సరిదిద్దవలసినది.

మా వదినగారికి ముప్పైనాలుగవ ఏట గర్భసంచి తీసివేశారు. మనలో చాలామందికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో బంధువర్గం ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి అక్కడినుండి వచ్చి ఇక్కడ వర్క్‌షాపులో చేరిన కుటుంబాలు మనవి. ఇక్కడ ఆసుపత్రిలో భాష కుదరదు, ఇంటివారి తోడు ఉండదు. అందుచేత ఆడవారు ఇటువంటి బాధలకు పుట్టింటికి వెళ్లి చూపించుకోవడం వాడుక. వదినగారు అట్లాగే వెళ్లారు. నెలసరిలో ప్రాణం పోయేంత నొప్పి, తరువాత నెలసరి లేని రోజులలోనూ నొప్పి. "సంచి పాడైపోయినది, ఉంచితే క్యాన్సరవుతుంది" అన్నారట. బొమ్మ తీసినది ఒక్కసారి. వారం తిరగకుండా ఆపరేషను. ఆరు నెలలు బాగానే ఉన్నది. ఏడవ నెలలో అదే నొప్పి అదే చోటికి వచ్చినది. నా సంగతి తెలిసిన తరువాత ఒకనాడు ఆమె నాతో అన్న మాట: "సంచి తీసీసినారు గాని బాబూ, నొప్పినక్కడే వదిలీసినారు."

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలలో 15 నుండి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భాశయం తీసివేయబడినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలు మన తెలుగు రాష్ట్రాలవే. నలభై తొమ్మిదేళ్లలోపువారి లెక్క ఇది, ముసలివారిని కలపలేదు. అనవసరంగా గర్భాశయాలు తీసివేయడంపై బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌ల నుండి వచ్చిన ఫిర్యాదులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2023 ఏప్రిల్‌లో కోర్టు, ఈ ఆపరేషన్లపై కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలలలోగా అమలుపరచాలని ఆదేశించినది. మన ఊళ్లలో ఈ ఆదేశాన్ని గురించి విన్నవారెందరో చేతులెత్తమని అడిగితే ఎత్తే చేతులు తక్కువే ఉంటాయి.

గర్భాశయం తీయడం ఎన్నడూ తగదని నేననడం లేదు. గర్భాశయపు గోడలోకే పొర చొచ్చుకుపోయే అడినోమయోసిస్ వంటి జబ్బులో, ఇతర మార్గాలు విఫలమైనప్పుడు, పిల్లలు చాలనుకొన్న స్త్రీకి అది ఉపశమనమే. కాని నొప్పికి మూలం గర్భాశయంలో లేనప్పుడు దానిని తీసివేస్తే ఏమి లాభం? ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు ఉన్నది. గర్భాశయం లోపలి పొరవంటి కణజాలం బయట, అండాశయాలపైన, పేగులపైన, మూత్రాశయంపైన పెరుగుతుంది. పునరుత్పత్తి వయసులోని స్త్రీలలో పదిమందికి ఒకరికి, ప్రపంచంలో సుమారు 19 కోట్ల మందికి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పేరు తెలియడానికే చాలా దేశాలలో నాలుగు నుండి పన్నెండు సంవత్సరాలు పడుతున్నది. బయట పెరిగిన దానిని అట్లాగే ఉంచి సంచి ఒక్కటి తీస్తే నొప్పి ఎక్కడికి పోతుంది? మన దేశంలో పొత్తికడుపు క్షయ కూడా మరచిపోరానిది. దానికి నయమయ్యే మందు ఉన్నది, కత్తి అవసరం లేదు. చిన్నవయసులో అండాశయాలు కూడా తీసివేస్తే ఎముకల బలం తగ్గడం మొదలైన కష్టాలు ముందుగానే వచ్చి పడతాయి.

నొప్పికి మూలం ఒక్క అవయవంలోనే ఉండనక్కరలేదు. మన భాషలో చెబుతాను. మూత్రాశయాన్ని, పేగును, స్త్రీలలో గర్భాశయాన్ని కింది నుండి మోస్తున్న కండరాలు నులకమంచపు నులకవంటివి. నులక వదులైతే మంచం కుంగుతుంది, ఇది అందరికీ తెలుసు. కాని నులక మరీ బిగిస్తే పట్టె విరుగుతుంది. ఈ నొప్పి ఉన్నవారిలో చాలామందికి ఆ కండరాలు బిగుసుకొనిపోయి ఉంటాయి. అటువంటివారికి కింది కండరాలు బిగించే వ్యాయామం నేర్పితే నొప్పి పెరుగుతుంది. నాకు ఒకరు అదే నేర్పారు. నాలుగు నెలలు నిష్ఠగా చేసి మరింత చెడగొట్టుకొన్నాను. నాకు కావలసినది బిగించడం కాదు, వదలడం నేర్చుకోవడం.

రెండవది నరాలు. సిగ్నల్ విభాగపు మిత్రులకు ఇది సులువుగా బోధపడుతుంది. ట్రాక్ సర్క్యూట్ చెడిపోయినప్పుడు లైనుపై బండి లేకున్నా సిగ్నల్ ఎర్రగానే నిలుస్తుంది. ఆ ఎరుపు అబద్ధం కాదు, బండి ఆగవలసిందే. కాని లైను మీద బండి కోసం వెదికితే దొరకదు, తప్పు సర్క్యూట్‌లో ఉన్నది. ఏళ్ల తరబడి నొప్పిని మోసిన నరాలు, వెన్నుపాము, మెదడు ఈ స్థితికి వస్తాయి. స్కానింగులో ఏమీ లేదని చెప్పి, "నీకేమీ లేదు, మనసులో ఉన్నది" అని పంపివేయడం ఎరుపును అబద్ధమనడమే. 2022 జనవరి నుండి అమలులోనున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ పదకొండవ సంపుటిలో దీర్ఘకాలిక నొప్పికి సొంత స్థానం కల్పించారు. అనగా నొప్పి మరొక జబ్బుకు లక్షణం మాత్రమే కాదు, తానే ఒక జబ్బు కాగలదు.

మూడవది, తపాలా సోదరులకు ప్రత్యేకించి చెప్పవలసినది. సైకిలు సీటు మీద గంటల తరబడి కూర్చునేవారికి కూర్చునే ఎముకల లోపలి పక్కగా పోయే ప్యుడెండల్ అనే నాడి నలిగే అవకాశం ఉన్నది. దాని గుర్తు ఇది: కూర్చుంటే నొప్పి పెరుగుతుంది, నిలబడితే తగ్గుతుంది, రాత్రి నిద్రలో నుండి సాధారణంగా లేపదు. సీటు మార్చడం, మధ్యలో సందు ఉన్న సీటు వాడడం చిన్న పనులు. బీటు సైకిలుకు అటువంటి సీటు కావాలని అడిగితే నవ్వేవారుంటారు, అయినా అడగండి.

మరి పనికివచ్చే చికిత్స ఏది? ఒక్క మాత్ర ఉన్నదని చెబితే నమ్మకండి. బ్రిటన్‌లో 306 మంది స్త్రీలపై గాబాపెంటిన్ మందును పరీక్షించి 2020లో ఫలితం ప్రకటించారు. స్కానింగు, లాపరోస్కోపీలలో కారణం కనిపించని కటి నొప్పి వారిది. ఉత్తుత్తి మాత్ర కంటే నొప్పి తగ్గలేదు, కళ్లు తిరగడం, మత్తు మాత్రం ఎక్కువ. మన ఊళ్లలో ఆ మందు ఇప్పటికీ ధారాళంగా రాస్తున్నారు. దానికి ఎదురుగా 2012లో ప్రకటించిన మరొక పరీక్ష: మూత్రాశయ నొప్పి, కటి కండరాల నొప్పి ఉన్న 81 మంది స్త్రీలలో కొందరికి శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు ఆ లోపలి కండరాలను చేతితో సడలించే చికిత్స చేశారు, మిగతావారికి ఒంటికి మామూలు మర్దన చేశారు. మొదటివారిలో 59 శాతం మందికి, రెండవవారిలో 26 శాతం మందికి మేలు కనిపించినది. నూటికి నూరు కాదు. కాని కోత లేదు, మత్తు లేదు.

ఎండోమెట్రియోసిస్‌కు హార్మోను మాత్రలు, గర్భాశయంలో అమర్చే హార్మోను సాధనం, అవసరమైతే నిపుణుల చేత లాపరోస్కోపీ ఉన్నాయి. 2022 నాటి ఐరోపా వైద్యుల మార్గదర్శకాల ప్రకారం జబ్బును అనుమానించి మందు మొదలుపెట్టడానికి ముందుగా పొట్టకు రంధ్రం చేయవలసిన అవసరం లేదు. నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్ వంటి మందు చిన్న మోతాదులో కొందరికి పనిచేస్తుంది. మలబద్ధకం సరిచేయడం, నిద్ర సరిచేయడం, భయాన్ని తగ్గించే మనస్తత్వ చికిత్స, ఇవన్నీ కలిసి నడవాలి. మూత్రంలో రక్తం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, నెలసరి ఆగిపోయిన తరువాత మళ్లీ రక్తస్రావం కనిపిస్తే మాత్రం నా ప్రసంగం తలచుకొంటూ కూర్చోక వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, రెండు తొడల మధ్య మొద్దుబారినా, కాళ్లలో బలం పోయినా ఒక్క పూట కూడా ఆగరాదు.

నాకు చివరకు దారి చూపినది ఒక పెద్ద నగరంలోని ఫిజియోథెరపిస్టు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. మొదటి రోజు సిగ్గుతో చెమటలు పట్టాయి. ఆమె ఊపిరి తీసుకోవడం నేర్పినది. పొట్ట నిండేలా గాలి పీల్చి, కింది కండరాలను వదలడం. అంతేనా అని చిన్నచూపు చూశాను. తొమ్మిది నెలలు పట్టినది. పదికి ఏడుగా ఉన్న నొప్పి ఇప్పుడు మూడుకు వచ్చినది. పోలేదు. ఇక పోదేమో కూడా. కాని ఈ సభలో నేను ఒక గంటసేపు కుర్చీలో కూర్చున్నాను, మీరు గమనించారో లేదో.

ఆ నగరానికి వెళ్లిరావడానికి నా సెలవులు, నా డబ్బు ఖర్చయ్యాయి. నాకు పాసు ఉన్నది, కొంత పలుకుబడి ఉన్నది. గ్యాంగులో పనిచేసే సోదరికి ఏమున్నది? రైల్వే ఉద్యోగులమైన మనకు సొంత ఆసుపత్రులు, పైఆసుపత్రికి పంపే ఏర్పాటు ఉన్నాయి. తపాలా ఉద్యోగులకు సి.జి.హెచ్.ఎస్. ఉన్నచోట అది, లేనిచోట 1944 నాటి వైద్య నియమాలు. గ్రామీణ డాక్ సేవకులు ఆ నియమాల పరిధిలోకే రారు. అదే సంచి మోస్తారు, అదే సైకిలు తొక్కుతారు.

ఇక మన పనిచోటు. ఇంజనులలో మరుగుదొడ్డి అమర్చడం 2016లో గాని మొదలుకాలేదు, నేటికీ అది లేని ఇంజన్లు తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఆడపిల్లలు కూడా లోకో పైలట్లుగా పనిచేస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో రైల్వే బోర్డు, రన్నింగ్ సిబ్బందికి భోజనానికి, కాలకృత్యాలకు నిర్ణీత విరామాన్ని నిబంధనగా చేర్చడం సాధ్యం కాదని తేల్చినది. 1973 ఆగస్టులో లోకో సిబ్బంది సమ్మె చేసి పది గంటల డ్యూటీ అంగీకారాన్ని సాధించారు. అంతకుముందు దానిని కూడా సాధ్యం కాదనే అన్నారు. లెవెల్ క్రాసింగు గేటు దగ్గర, పట్టాల మీద పనిచేసే స్త్రీలు మరుగు లేక రోజంతా నీళ్లు తాగకుండా గడుపుతున్నారు. దాని ఫలితం మూత్రాశయపు ఇన్‌ఫెక్షన్లు, వాటి వెనుక ఈ నొప్పి. ఇది స్త్రీల విడి సమస్య అని పక్కన పెట్టే కార్యదర్శులు మనలో ఉన్నారు. నేనూ ఒకప్పుడు వారిలోనివాడినే.

నొప్పి దాచడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదని నాకు తెలుసు. మెడికల్ కేటగిరీ పోతుందన్న భయం ఉన్నది. కేటగిరీ పోతే మైలేజీ పోతుంది, ఇంటి అప్పు ఆగదు. అందుకే సిక్ మెమోలో నడుము నొప్పి అని రాయిస్తాము. కడుపు నొప్పి అని రాయిస్తాము. నేను రాయించినవన్నీ తీసి చూశాను. పదకొండేళ్లలో ఒక్కదానిలోనూ అసలు పేరు లేదు. ఇక నాకు సర్వీసులో వచ్చిన బాధ అని నేను దేనితో రుజువు చేయగలను? సర్వీసులో ఉండగా వైకల్యం సంభవించిన ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని, తగిన మరొక పనిలో అదే వేతన స్కేలుతో ఉంచాలని 1995 చట్టం 47వ సెక్షనులో చెప్పారు, 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షనులోనూ ఉన్నది. నొప్పి ఒక్కటే చట్టం దృష్టిలో వైకల్యమవుతుందని నేను హామీ ఇవ్వలేను. కాని కాగితం మీద లేని జబ్బుకు ఏ చట్టమూ అండగా రాదు.

రన్నింగ్ సోదరులకు ఇంకొక హెచ్చరిక. నరాల నొప్పి మందులు కొన్ని నిద్ర తెప్పిస్తాయి. నాకు రాత్రి వేసుకొన్న మాత్ర మత్తు ఉదయం పది వరకు దిగేది కాదు. ఆ స్థితిలో జెండా పట్టుకోవడం నేరం. డాక్టరుకు మీ పని ఏమిటో ముందే చెప్పండి, ఆ రోజులకు సిక్‌లో ఉండండి. ఈ మందులు మొదలైన వారాలలో మైలేజీ నష్టం లేకుండా తేలిక పని ఇవ్వాలని మన విన్నపంలో మొదటి అంశంగా పెట్టాము. డివిజను ఆసుపత్రిలో కటి కండరాల చికిత్సలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు, వీలైతే స్త్రీ, ఉండాలన్నది రెండవది. గర్భాశయం తీయాలని ఎక్కడ చెప్పినా, అత్యవసరం కానప్పుడు, మరొక నిపుణుని అభిప్రాయానికి పాసు, సెలవు ఇవ్వాలన్నది మూడవది. గేట్లు, గ్యాంగు హట్లు, ఇంజన్లు, బ్రేక్‌వ్యానులలో మరుగుదొడ్లు అనేది కొత్త కోరిక కాదు, దానిని మళ్లీ రాశాము.

విన్నపానికి బలం చేకూరాలంటే లెక్క కావాలి. తలుపు దగ్గర బల్లపై కాగితాలు ఉంచాము. పేరు రాయనక్కరలేదు, విభాగం, వయసు, నొప్పి ఎన్ని నెలలుగా ఉన్నది, ఏ పనిలో పెరుగుతున్నది, ఇంతవరకు ఏమేమి వాడారు, ఆపరేషను అయిందా, ఇంతే రాయండి. ఇంటిలోని స్త్రీల కోసం రెండవ కాగితం తీసుకువెళ్లండి. వారు రాయడానికి మీరు పక్కన నిలబడకండి. వచ్చే శనివారం మధ్యాహ్నం మహిళా సభ్యుల సమావేశం వారే జరుపుకొంటారు, మా వదినగారు కూడా వస్తారు, అక్కడికి మేమెవ్వరమూ రాము. మగవారిలో మాట్లాడదలచినవారి కోసం నేను బుధవారం సాయంత్రం ఆరు తరువాత ఆఫీసులో ఉంటాను. లోపలి గదికి తలుపు ఉన్నది, వేసుకోవచ్చు.